సిస్టరమ్మ రిస్ట్ బ్రేస్

అమీర్‌పేటలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఐదింటికి ఇంకొకటి. నడుమ దొరికే ఖాళీలో తోటి టీచర్లు ఇంటికెళ్లి కునుకు తీసి వస్తారు. నేను మాత్రం రెండేళ్లుగా ప్రతి మంగళవారం మెట్రో ఎక్కి, పక్క స్టేషన్ పంజాగుట్టలో దిగి, అక్కడి మాల్ పై అంతస్తులో బౌలింగ్ ఆడి వస్తున్నాను. నలభై రెండేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, బడిలో ఖోఖో కూడా ఆడినదాన్ని కాదు. వారం వారం బరువైన బంతి దొర్లించడానికి వెళ్తానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నిజం చెప్పాలంటే మొదట్లో నేను వెళ్లింది ఆడటానికి కూడా కాదు, ఒకావిడ చేతిని చూడటానికి.

మొదటిసారి మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లందరం కలిసి వెళ్లాం. పొడవాటి నున్నని చెక్క బాట, దాని చివర పది తెల్లని పిన్నులు, బాటకు రెండు పక్కలా కాలువలు. బంతికి మూడు రంధ్రాలుంటాయి. బొటనవేలు, నడిమి రెండు వేళ్లు వాటిలో దూర్చి దొర్లించాలి. నేను వేసిన ప్రతి బంతీ సగం దూరం పోయి కాలువలో పడింది. అందరితో పాటు నేనూ నవ్వి, నవ్వి విసుగొచ్చి, వెళ్లి కూర్చున్నాను. అప్పుడు పక్క లేన్‌లో ఆమె కనిపించారు.

అరవై దాటిన మనిషి. తెల్లబడ్డ జుట్టును బిగించి ముడేసుకున్నారు. బూడిదరంగు చుడీదారు, మెడలో సన్నని గొలుసు, దానికి చిన్న సిలువ. కుడి చేతికి మాత్రం వేళ్ల మొదళ్ల నుంచి ముంజేయి సగం దాకా నల్లటి తొడుగు ఉంది. చేతి వెనక ఒక రేకు, ముంజేతి మీద ఇంకో రేకు, రెంటినీ కలుపుతూ మణికట్టు దగ్గర ఒక కీలు, కీలు మీద గుండ్రటి మర. చూస్తే పాతకాలం సిపాయి కవచంలా ఉంది. ఆమె పక్కన ఎవరూ లేరు. ఒక్కరే ఆడుకుంటున్నారు.

నాలుగడుగులు నడిచి బంతిని వదిలారు. అది కుడి కాలువ అంచు వెంబడే పోయింది. ఇంకో జానెడు పోతే పడిపోతుంది అనుకున్నాను. సరిగ్గా అక్కడ, వెనక నుంచి ఎవరో పిలిచినట్టు, బంతి తిరిగింది. ఎడమకు వొంపు తీసుకుని పిన్నుల నడుమకు దూసుకుపోయింది. పదీ కూలాయి. ఆమె వెనక్కి తిరిగి, ఏమీ జరగనట్టు చెయ్యి తుడుచుకున్నారు.

మా వాళ్లెవరూ చూడలేదు. వాళ్లు సెల్ఫీల గోలలో ఉన్నారు. నేను మాత్రం ఆ బాట చివరికే చూస్తూ కూర్చున్నాను. బంతి అంత దూరం పోయాక తిరిగింది. అప్పటికి ఆ చెయ్యి దాన్ని వదిలి ఎంతసేపైంది. వదిలేసిన చెయ్యి చెప్పిన మాట బంతికి అంత దూరంలో ఎలా గుర్తుంది?

ఆ వారమంతా ఆ వొంపు నా కళ్ల ముందే ఉంది. మంగళవారం ఒక్కదాన్నే వెళ్లాను. కౌంటర్ దగ్గరి ఆయన, నేను అడగకముందే, "సిస్టరమ్మ కోసమా మేడం? ప్రతి మంగళారం వస్తది. తెరవంగనే వస్తది" అన్నాడు.

ఆమె నన్ను గుర్తుపట్టారు.

"ఏం బిడ్డా, పోయిన వారం సుత గిట్లనే చూసినవ్. చూస్తనే ఉంటవా, వేస్తవా?"

"నాకు రాదు మేడం. కాలువలనే పడుతది."

"మేడం అనకు. ముప్పై ఏండ్లు సిస్టర్ అని పిలిపిచ్చుకున్న, గదే పిలువు. ఒక్కటి వెయ్యి, చూస్త."

వేశాను. కాలువలో పడింది. తిరిగి చూస్తే ఆమె బంతి వైపు చూడటం లేదు, నా చేతినే చూస్తున్నారు. దగ్గరికి పిలిచి నా కుడి చేతిని తన ఎడమ అరచేతిలో పెట్టుకున్నారు. బొటనవేలితో మణికట్టు మీద ఒక్కో చోట మెల్లగా ఒత్తారు.

"గీడ ఎనిమిది బొక్కలుంటయి. చింతగింజలంత ఉంటయి. గీ ఎనిమిదింటి మీదనే బంతి బరువంత పడ్తది. నీ మణికట్టు ఏమో బరువుకు ఎనకకు పడిపోతున్నది. అది పడిపోయినంక ఏళ్లకు పట్టు దొరకది. బంతికి ఏం చెప్పాల్నో వాటికి తెల్వది."

ఆమె ఒక పెద్దాసుపత్రిలో, ఎముకల విభాగంలో, ప్లాస్టర్ గదిలో పనిచేసి రిటైరయ్యారట. ఖైరతాబాద్‌లో ఇల్లు. విరిగిన చేతులు, కాళ్లు కట్టడమే ఉద్యోగం. ఎక్కడ ఏ గింజ ఉందో ఆమె వేలికి తెలుసు. నేను ఇరవై ఏళ్లుగా ఆ చేత్తోనే బోర్డు మీద రాస్తున్నాను, చపాతీలు వత్తుతున్నాను, పిల్లలకు జడలు వేశాను. అందులో ఎనిమిది ఎముకలున్నాయని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఇంటికి వెళ్లేటప్పుడు మెట్రోలో కూర్చుని నా చేతిని నేనే వింతగా చూసుకున్నాను.

ఆమె చేతికున్న ఆ తొడుగును బ్రేస్ అంటారట; ఆమె చెప్పిన మీదట నేనూ ఒకటి తెప్పించుకున్నాను. డబ్బాలో బొమ్మల కాగితం ఒకటి వచ్చింది. బొమ్మల్లో చెయ్యి ఎవరిదో గానీ నాలాంటిది కాదు. ఎంత బిగిస్తే అంత మంచిదనుకుని పట్టీలన్నీ లాగి కట్టుకుని, ఇంట్లో అలవాటు కోసం వంటగదిలో తిరిగాను. అరగంటకే వేళ్లు తిమ్మిరెక్కాయి. మంగళవారం అలాగే కట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను.

ఆమె నా చూపుడువేలి గోరు ఒత్తి వదిలారు.

"చూడు. ఒత్తితే తెల్లగయితది, ఇడిస్తే ఎర్రగ రావాలె. నీదెంత సేపు పడుతున్నదో చూసినవా? ప్లాస్టర్ గదిల గిట్ల బిగిచ్చినోళ్లను నేను బయటికి పంపేదాన్ని."

పట్టీలన్నీ విప్పి మళ్లీ కట్టారు. ముందు మణికట్టు దగ్గరిది, తర్వాత ముంజేతిది, ఆఖరున అరచేతిది. కట్టేటప్పుడు నా వేళ్లు చాపి ఉంచమన్నారు. ప్రతి పట్టీ కింద తన చిటికెన వేలు దూర్చి చూశారు. అప్పుడు గాని కీలు మీదున్న రెండు మరల సంగతి చెప్పలేదు. పెద్ద మర తిప్పితే చెయ్యి ముందుకు వంగి, నీళ్లు పట్టే దోసిలిలా బంతి కింద నిలుస్తుంది. పక్కనున్న చిన్న మర చేతిని ఓ వైపుకు వాలుస్తుంది. పెద్ద మర చుట్టూ సన్నని గీతలున్నాయి.

"ఒక్క గీత జరుపు. పది బంతులు వెయ్యి. గా పదింటిల ఏమయిందో రాస్కో. గప్పుడే ఇంకో గీత. తొందర చేస్తే చేతికి ఏం నేర్చుకోవాల్నో సమజ్ కాదు."

నాకు తొందరే. ఆమె బంతి తీసుకునే వొంపు నాకూ కావాలి, ఆ నెలలోనే కావాలి. ఒక మంగళవారం ఆమె ఫోన్ మాట్లాడుతుండగా పెద్ద మర నాలుగు గీతలు ముందుకు తిప్పాను. చిన్న మర కూడా తిప్పాను. మొదటి బంతి అడ్డంగా పోయి ఎడమ కాలువలో పడింది. రెండోది, మూడోది కూడా అంతే. ఐదో బంతికి బొటనవేలు రంధ్రంలోంచి రావడానికి మొరాయించింది. మోచేతి దాకా సూది దించినట్టయింది. ఆ సాయంత్రం క్లాసులో పెన్ను పట్టలేకపోయాను. విద్యార్థిని ఒకామె లేచి, నేను చెబుతుంటే బోర్డు మీద రాసింది.

సిస్టరమ్మ కోప్పడలేదు. రెండు వారాలు బంతి ముట్టొద్దన్నారు.

"నొప్పంటే చెయ్యి మాట్లాడుతున్నట్టు బిడ్డా. జర ఇనాలె. వచ్చి కూసో, చూడు."

ఆ రెండు మంగళవారాలు ఊరికే కూర్చోవడం వల్ల నేను చూడగలిగినది, ఆడుతూ ఉంటే ఎప్పటికీ చూసేదాన్ని కాదు. చెక్క బాట మీద కంటికి కనబడని నూనె పూత ఉంటుందట. పదకొండింటికి ఉన్న పూత పన్నెండింటికి ఉండదు. బంతులు పోయిన దారి ఆరిపోతుంది, బంతి త్వరగా తిరగడం మొదలుపెడుతుంది. ఆమె బంతి వేశాక కాసేపు తల వంచి, ఏదో వింటున్నట్టు నిలబడేవారు. తర్వాత ఎడమ బొటనవేలి గోటితో మరను కొద్దిగా, చూసేవాళ్లకు తెలియనంత కొద్దిగా, తిప్పేవారు. మళ్లీ వేస్తే బంతి పాత చోటికే వచ్చేది. గోటితో తిప్పింది గింజంత కూడా లేదు. అరవై అడుగుల అవతల అది రెండు పిన్నులంత తేడా. ఆ దూరాన్ని ఆమె తన చేతిలో పట్టుకుని కూర్చున్నారని నాకు అనిపించింది.

ఆ తర్వాత బుద్ధిగా మొదటి గీత దగ్గర మొదలుపెట్టాను. ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. నాలుగు నెలలకు ఒక మంగళవారం నా బంతి, చివర్లో, నిజంగా చాలా కొంచెం, ఎడమకు ఒరిగింది. పడింది ఆరు పిన్నులే. కానీ ఒరగడం నేను చూశాను. అది నా చెయ్యి చేసిన పని అంటే నమ్మకం కుదరక, ఆమె వైపు చూశాను.

"అయితున్నది," అన్నారు. "ఇంక తొమ్మిది వెయ్యి."

పోయిన వానాకాలంలో ఒక మంగళవారం జరిగిన సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఆ రోజు మా పక్క లేన్‌లోకి ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు. అందులో ఒకమ్మాయి బంతి వదిలిన ఊపులో దాని వెనకే, బాట మొదట్లో హద్దుగా ఉండే నల్ల గీత దాటేసింది. గీత దాటితే నూనె. రెండు కాళ్లూ ఒక్కసారి జారాయి. కుడి చెయ్యి ఆనించి పడింది. ఆ చప్పుడు నాకు వినబడింది.

లేచి కూర్చుంది గానీ చెయ్యి చూసుకుని తెల్లబోయింది. మణికట్టు దగ్గర చెయ్యి చెంచా వెనకవైపులా ఒంపు తిరిగి ఉంది.

"నా చెయ్యేంటండీ ఇలా అయిపోయింది?" అని ఎవరిని అడుగుతోందో తెలియకుండా అడిగింది.

స్నేహితురాలు ఒకతె ఆ చేతిని పట్టుకుని సరిగ్గా లాగబోయింది.

"ముట్టకు," అన్నారు సిస్టరమ్మ. గొంతు పెంచలేదు. అయినా అక్కడున్న అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

ఆమె పోయి ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. తన బ్రేస్ పట్టీలు మూడూ విప్పి చేతి నుంచి తీశారు. నా చున్నీ అడిగి తీసుకున్నారు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"తెనాలండి."

"పొద్దున ఏం తిన్నవ్?"

"ఇడ్లీ."

"చట్నీ పల్లీలదా, కొబ్బరిదా?"

"హాస్టల్లో పల్లీదేనండి. మా ఇంట్లో అయితే కొబ్బరి."

మాటలు ఆ పిల్లతోనే గానీ కళ్లు వేరే పనిలో ఉన్నాయి. ఆమె బ్రేస్ పెద్ద మరను వదులు చేసి రేకులను వెనక్కి వంచుతున్నారు. అన్నాళ్లలో ఆ కీలు ముందుకు వంగడమే నేను చూశాను. అది వెనక్కి కూడా వంగుతుందని నాకు తట్టనే లేదు. విరిగిన చేతికి దగ్గరగా తెచ్చి, తగలకుండా పక్కన పెట్టి చూశారు. మళ్లీ దూరం జరిపి కాస్త తిప్పారు. మళ్లీ దగ్గరికి తెచ్చారు. మూడుసార్లు అలా చేశారు. నాలుగోసారి చిన్న మర కూడా తిప్పి, లోపల నా చున్నీ మడత పరిచి, కింది నుంచి మెల్లగా అందించారు. ఆ వంకర చేతికి రేకులు ఎక్కడికక్కడ అతికినట్టు కూర్చున్నాయి. పిల్ల చెయ్యి వెంట్రుకంత కూడా కదల్లేదు. పట్టీలు వదులుగా వేశారు. ఐదు గోళ్లూ ఒక్కొక్కటే ఒత్తి చూశారు.

"ఎట్లున్నదో అట్లనే పట్టుకోవాలె," అన్నారు నాతో, చాలా చిన్నగా. "ఇనుమే చేతికి ఒంగాలె గని, చెయ్యి ఇనుముకు ఒంగొద్దు."

ఆ పిల్ల తన వేళ్లు చూసుకుంది. "కొంచెం తగ్గిందండి," అంది. అప్పుడు ఏడ్చింది.

"బొక్క ఇరిగింది. ఇరిగిన బొక్క అతుకుతది. ఫికర్ చెయ్యకు."

కింద ఆటో దొరికింది. పిల్లను నడుమ కూర్చోబెట్టి మేమిద్దరం చెరో పక్క ఎక్కాం. స్నేహితురాళ్లు వెనక ఇంకో ఆటోలో వచ్చారు. ఆసుపత్రి దగ్గరే గానీ, వాన వెలిసిన మధ్యాహ్నం పంజాగుట్ట చౌరస్తా సంగతి తెలిసిందే. ఫ్లైఓవర్ కింద బండ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఆగాయి, కదిలాయి, మళ్లీ ఆగాయి. దారి పొడుగునా ఆమె ఆ పిల్ల మోచేతిని తన రెండు అరచేతుల మీద మోశారు. గుంత వచ్చిన ప్రతిసారీ, ఆటో ఎగరకముందే, ఆ అరచేతులు కిందికి దిగేవి. మా ఇద్దరి తలలూ పైకి తగిలాయి గానీ ఆ చెయ్యి మాత్రం నీళ్ల మీద ఆకులా ఉంది.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు వచ్చి చేతిని చూసి, వంగి ఇంకాసేపు చూశాడు.

"ఇది ఎవరు కట్టారు?"

నేను ఆమె వైపు చూశాను. తను నర్సునని ఆమె చెప్పలేదు.

"నేనే సార్. ఏళ్లల్ల రక్తం మంచిగ తిరుగుతున్నది, చూడుండ్రి. గుంజకుండ తియ్యాలె."

"ఎక్స్‌రే టేబుల్ మీద నేనే తీయిస్తాను," అన్నాడు డాక్టరు. ఎందుకో ఆయన గొంతు మారింది. తర్వాత ఆమెకు కుర్చీ తెప్పించాడు.

బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు మొదటిసారి ఆమె కుడి మణికట్టును బ్రేస్ లేకుండా దగ్గర నుంచి చూశాను. నేను వచ్చేసరికే ఎప్పుడూ కట్టుకుని ఉండేవారు. సన్నగా, కాస్త పక్కకు వంగి, బయటివైపు ఎముక పొడుచుకు వచ్చి ఉంది. నేను చూడటం ఆమె చూశారు.

"నాది సుత గిట్లనే ఇరిగింది. రిటైరయిన ఏడాదే. ఆదివారం ప్రార్థన అయినంక చర్చి మెట్లు దిగుతుంటే కాలు జారింది."

"ఎవరు కట్టిండ్రు సిస్టర్?"

"ఎవరున్నరు, నేనే. చేతిల పాటల పుస్తకం ఉండె. గది కింద పెట్టుకుని కొంగుతోని కట్టుకున్న. బస్సెక్కి మా ఆసుపత్రికే పోయిన. నేను పని నేర్పిన పిల్లనే ప్లాస్టర్ ఏసింది. మంచిగనే ఏసింది. నా బొక్కలే పాతవి."

ఆ తర్వాత ఏడాది దాకా నీళ్ల బిందె ఎత్తలేకపోయారట. ఒకసారి చుట్టాలతో బౌలింగ్‌కు వచ్చి, కూర్చుని చూస్తూ, పక్కనెవరో ఈ బ్రేస్ కట్టుకుని ఆడటం గమనించారట. "గిది ఇరిగిన చేతికి ఆసరకు కట్టే మా స్ప్లింటే కదా అనుకున్న," అన్నారు. ఆ బ్రేస్ లేకుండా ఆ చెయ్యి బంతిని ఒక్క క్షణం కూడా మోయలేదని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆటలో సొగసు కోసం పెట్టుకున్నది ఆమెకు మణికట్టే. ఆ మణికట్టునే తీసి ఆ పిల్లకు కట్టారు.

ఎముకను ఆపరేషన్ లేకుండానే సరిచేసి ప్లాస్టర్ వేశారు. రాత్రికి తెనాలి నుంచి ఆ పిల్ల తండ్రి వచ్చేశాడు. నేను అంతకుముందే ఐదింటి క్లాసుకు పరుగెత్తాల్సి వచ్చింది. ఆమె అక్కడే ఉండి, ఆయనకు జాగ్రత్తలన్నీ చెప్పి వెళ్లారట. ప్లాస్టర్ తీశాక ఆ అమ్మాయి సిస్టరమ్మకు ఫోన్ చేసి, జడ తనే వేసుకున్నానని చెప్పింది.

ఆ పిల్ల పడిన తర్వాతి మంగళవారం నేను వెళ్లేసరికి ఆమె బల్ల మీద బ్రేస్ పెట్టుకుని కూర్చున్నారు. రెండు ముక్కలుగా ఉంది. ఎక్స్‌రే గదిలో చెయ్యి కదలకుండా తీయడానికి మరలన్నీ పూర్తిగా విప్పేశారు. రేకులు, మరలు ఒక కవర్లో వేసి ఇచ్చారు.

"ఏ గీత మీద ఉండె సిస్టర్?"

"గీతలెప్పుడో అరిగిపోయినయి. చేతికే ఎరుక. ఇప్పుడు చెయ్యి సుత మర్చిపోయింది."

రెండేళ్లకు పైగా గోటితో కొంచెం కొంచెం తిప్పి వెతికి పట్టుకున్న చోటు అది. ఆ రోజు నేల మీద కూర్చుని మరను వదులు చేసేటప్పుడే ఆ సంగతి ఆమెకు తెలిసి ఉండాలి. ఆమె చెయ్యి ఆగడం నేను చూడలేదు.

"నేనన్న ఫొటో తియ్యకపోతి," అన్నాను.

ఆమె నవ్వారు. "గప్పుడు ఫొటోనా?"

బ్రేస్ బిగించి, పట్టీలు కట్టుకుని, వేశారు. కాలువలో పడింది. రెండోది కూడా. ఆ హాల్లో నేను చూసిన అందరికంటే గొప్పగా ఆడే మనిషి, వరసగా పది బంతులు వేస్తే మూడే పిన్నుల దాకా చేరాయి. పక్క లేన్‌లో కొత్తవాళ్లు చూసి జాలిగా నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. గోటితో ఒక్క పిసరు తిప్పి, మళ్లీ పది మొదలుపెట్టారు. నేను నా ఆట మానేసి, నోటు పుస్తకం తెరిచి, ఆమె బంతులు రాయడం మొదలుపెట్టాను. వద్దనలేదు.

ఆ పాత చోటు ఆ మంగళవారం దొరకలేదు. తర్వాతి వారం దగ్గరికొచ్చి మళ్లీ తప్పిపోయింది. మధ్యలో చెయ్యి నొప్పి చేస్తే అరగంట కూర్చుని, గోళ్లు ఒత్తి చూసుకుని, మళ్లీ లేచారు. విసుక్కోవడం గానీ, నిట్టూర్చడం గానీ నేను చూడలేదు. ఎవరి చేతికో ప్లాస్టర్ వేస్తున్నంత నింపాదిగా ఉన్నారు. బహుశా ఆ గదిలో ముప్పై ఏళ్లు ఇలాగే ఉండి ఉంటారు. రాస్తూ రాస్తూ నేను తలెత్తి ఆమెను చూసేదాన్ని. మనిషి అంత ఓర్పుగా ఉండటం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

నాలుగో మంగళవారం, పన్నెండు కావస్తుండగా, ఆమె వేసిన బంతి కుడి కాలువ అంచు దాకా పోయింది. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. బంతి తిరిగింది. పది పిన్నులూ ఒక్క చప్పుడుతో కూలాయి.

"దొరికింది," అన్నారు ఆమె.

నేను రాసుకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నాను. ఆమె వచ్చి బెంచీ మీద కూర్చుని, సీసా మూత తీసి నీళ్లు తాగారు. చుడీదారు చేతి అంచుతో మూతి తుడుచుకుని, బంతుల వైపు చూపించారు.

"ఇగ లే బిడ్డా. నీ వంతు."